గుండు మీద మొలిచిన పరీక్ష

పెళ్ళయిన ఇరవై రెండు రోజుల్లో రూపశ్రీ నేర్చుకున్న గొప్ప విద్య పెదాలు చదవడం. నగరిలో అత్తగారింటి వెనక రేకుల షెడ్డులో ఆరు పవర్‌లూమ్‌లున్నాయి. అవి ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని ప్రతాప్ మగ్గాల మధ్యనుంచే, వాళ్ళ నాయన అటు తిరిగి ఉన్నప్పుడు, గొంతు లేకుండా ఏదో ఒకటి అనేవాడు. అదేమిటో అర్థమయ్యాక రూపశ్రీ చెవులదాకా ఎర్రబడి, చేతిలో టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయేది. అంత చప్పుడులో తనకొక్కదానికే అందే మాటలుండటం ఎంత భాగ్యమో తిరుపతిలో ఉన్న స్నేహితురాలు మోనికకు రోజూ ఫోన్లో వర్ణించి చెప్పేది.

"సాల్లే మే. నాకింకా పెండ్లి కాలేదు, కొంచెం తగ్గించి చెప్పు," అనేది మోనిక.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ప్రతాప్ మగ్గం పక్కన కళ్ళు తిరిగి కూలబడ్డాడు. గోడవైపు వాలాడు కాబట్టి సరిపోయింది. ఇటువైపు వాలి ఉంటే చెయ్యి మగ్గంలో పడేది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఇరవై ఏడేళ్ళ మగవాడికి హిమోగ్లోబిన్ పదకొండేమిటి, పదమూడన్నా ఉండొద్దా అని కసిరి, మాత్రలు రాసి, "వేళకు తిను, వేళకు పండుకో," అని పంపేశాడు.

ఆ మాట రూపశ్రీకి సరిపోలేదు. ఆమె చదివిందే న్యూట్రిషన్. ఆ రోజునుంచీ మొగుణ్ణి పరిశోధనగా చూడటం మొదలుపెట్టింది. పొద్దుటినుంచీ పది గ్లాసుల టీ. అన్నం ఒకరోజు మూడింటికి, ఒకరోజు అయిదింటికి, అదీ నిలబడే. నిద్రలో పళ్ళు కొరుకుతాడు. నిద్రలోనే చూపుడువేలూ బొటనవేలూ కలిపి మెలిపెడతాడు, తెగిన దారం ముడివేస్తున్నట్టు. మనిషి పడుకున్నా మగ్గం ఆగలేదన్నమాట. ఆ చెయ్యి పట్టుకుని ఆపుతూ, ఈయన్ను నేను బాగుచేసుకోలేకపోతే నా చదువెందుకని అనుకునేది.

మోనిక పనిచేసేది ఒక వెల్‌నెస్ సెంటర్లో. "జుట్టు పరీక్ష చేయించు. మెడ దగ్గర ఇంత జుట్టు కత్తిరించి పంపితే, ఒంట్లో జింకు ఎంత, మెగ్నీషియం ఎంత, ఒత్తిడి ఎంత, ఏం తినల్ల, ఏం తినగూడదు, అన్నీ రిపోర్టులో వస్తాయి," అంది. మూడు రోజుల్లో కిట్టు వచ్చింది. అందులో ఒక కవరు, ఒక కాగితపు త్రాసు. ఒకవైపు జుట్టు పెడితే, సరిపడినంత పడగానే ఆ వైపు వాలుతుంది. రూపశ్రీకి ఆ త్రాసు ఎంత ముద్దొచ్చిందంటే ముందు తన చెవిదుద్దు పెట్టి చూసుకుంది.

ఆదివారం పొద్దున ప్రతాప్‌ను పెరట్లో స్టూలుమీద కూర్చోబెట్టి, భుజాలచుట్టూ తువ్వాలు కప్పింది. అతనికి జుట్టు భుజాలదాకా ఉండేది. పెళ్ళి ఫోటోల్లో ఇద్దరిలో ఎవరి జడ పొడవని ఆమె పిన్నమ్మలు ఇంకా వాదించుకుంటున్నారు. మెడమీది పాయ ఎత్తి కత్తెర పెట్టిందో లేదో, వెనకనుంచి కేక.

"ఏమ్మే! కత్తెర కింద పెట్టు! అది స్వామి సొత్తు!"

అత్తగారు చౌడమ్మ. చేతిలో బియ్యం చాట అలాగే పట్టుకుని పరుగున వచ్చింది.

సంగతేమిటంటే, రెండేళ్ళు ఒక్క సంబంధమూ కుదరకపోతే చౌడమ్మ, కొడుకుకు పెళ్ళయితే తలనీలాలిస్తామని తిరుమల స్వామికి మొక్కుకుంది. మొక్కిన రోజునుంచి ఆ తలకు కత్తెర తగలకూడదు. రెండేళ్ళుగా తగల్లేదు.

"నాలుగు ఎంటికలు తగ్గితే స్వామి లెక్కపెడతాడా అత్తా?"

"ఆయన పెడతాడో లేదో గానీ నేను పెడతా."

"ఆయన ఆరోగ్యం కోసమే కదత్తా!"

"సూడమ్మా, ఎముక ఇరిగితే కట్టు కట్టను పుత్తూరు ఉండాది. మొక్కు ఇరిగితే ఎవురు కడతారు?"

ప్రతాప్ తువ్వాలు కిందనుంచి, "నన్ను లేవమంటారా, కూసోమంటారా?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి, "నువ్వు ఊరికే ఉండు!" అన్నారు. అత్తాకోడళ్ళకు మాట కలవడం అదే మొదలు.

మోనికను అడిగితే, "గుండు చేయించినాక మూడు నెలలు ఆగు. అంగుళంపైన పెరగల్ల," అంది.

మరుసటి శుక్రవారమే కొండకు వెళ్ళారు. కల్యాణకట్టలో ప్రతాప్ తల వంచుకుని లోపలికి వెళ్ళి, నున్నటి గుండుతో, దానిమీద చందనంతో బయటికొచ్చాడు. చెవులు ఇంత పెద్దవని రూపశ్రీకి అంతవరకూ తెలియదు. ఎడమచెవి పైన ఒక పుట్టుమచ్చ కూడా కనబడింది. పెళ్ళయి నెల దాటాక మొగుడిలో కొత్త పుట్టుమచ్చ దొరకడమంటే మాటలా! దిగేటప్పుడు బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ పడిపోతున్నట్టు నటించి ఆ గుండు పట్టుకుంది. చేతులకు చందనం అంటుకుంది. మూడో మలుపుకు ప్రతాప్ ఆమె చెవిలో, "ముందు సీట్లో మా నాయన ఉండాడు," అన్నాడు. నాలుగో మలుపుకూ పట్టుకుంది.

ఆ బస్సులోనే ఆమెకొక సంగతి తట్టింది. ఈ తలమీద ఇక మొలిచే ప్రతి వెంట్రుకా తన చేతి వంట తిని మొలవాల్సిందే. మూడు నెలల తర్వాత ల్యాబుకు వెళ్ళేది తన వంటే. ఇంటికి రాగానే ఈ మాట అందరికీ చెప్పింది.

మామగారు దేవరాజులు వక్కపలుకు కొరుకుతూ, "అంటే మావోడి నెత్తి నీకు పరీక్ష పేపరన్నమాట," అన్నాడు. "మార్కులెన్నొస్తాయో సూస్తాం."

నవ్వుతూ అన్నమాటే. కానీ రూపశ్రీకి అది గుండెలో నాటుకుంది.

చదివిందంతా బయటికి తీసింది. వేయించిన చెనిక్కాయల పొడి, నువ్వులుండలు, ఉలవల గుగ్గిళ్ళు, వారానికి మూడుసార్లు పెరటి చెట్టు మునగాకు పప్పు. డాక్టరిచ్చిన మాత్రలు తనే చేతిలో పెట్టేది. టీలు పదినుంచి ఏడుకు, ఏడునుంచి నాలుగుకు దించింది. అన్నీ కుదిరాయి, అన్నం వేళ ఒక్కటి తప్ప. పిలిచిన ప్రతిసారీ ప్రతాప్ చెయ్యి ఊపి, ఇదిగో వస్తున్నాననేవాడు. ఏదో ఒక మగ్గంలో దారం తెగేది.

ఒకరోజు ఒంటిగంటకు ఆమె నేరుగా షెడ్డులోకి వెళ్ళి, గోడమీది మెయిన్ స్విచ్చి దించేసింది.

ఆరు మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. ఎక్కడో కాకి అరవడం వినపడింది. దేవరాజులు కరెంటు పోయిందనుకుని ఫ్యాను వైపు చూశాడు. ఆపైన కోడలి వైపు చూశాడు.

"ఏందమ్మా ఇది? నేను మగ్గమెక్కినప్పటినుంచీ పట్టపగలు ఎవురూ ఆపలా!"

"అరగంట మామా. కూసోని తిని లేస్తే మళ్ళీ నేనే ఎక్కిస్తా."

"అరగంటలో ఎంత గుడ్డ నేస్తామో తెలుసునా నీకు?"

ఆమెకు తెలుసు. "ఈయన పడిపోయినరోజు పూటంతా ఆపినారు కదా మామా," అంది మెల్లగా.

దేవరాజులు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కాళ్ళు కడుక్కుని, వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. మునగాకు పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. మర్నాడు ఒంటిగంటకు స్విచ్చి దించింది ఆయనే.

ప్రతి ఆదివారం రూపశ్రీ పాత జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి జుట్టు కొలిచేది. అర సెంటీమీటరు. ఒకటిన్నర. రెండు. ప్రతాప్ పళ్ళు కొరకడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో మాత్రం ఆమెకు తెలియలేదు, తనూ హాయిగా నిద్రపోతోంది కాబట్టి. మే నెల మొదట్లో మూడున్నర దాటింది. ఆరోజు చౌడమ్మే కత్తెర తెచ్చి ఇచ్చింది. తలస్నానం చేయించి, ఆరబెట్టి, మెడ దగ్గర చిన్నచిన్నగా కత్తిరించి త్రాసులో పెడితే, అది టక్కున వాలింది. నలుగురూ చప్పట్లు కొట్టారు.

రిపోర్టు పదహారు రోజులకు ఫోనుకు వచ్చింది. రూపశ్రీ వంటగదిలో నిలబడే తెరిచింది. రంగురంగుల గీతలు. అన్నీ బుద్ధిగా పచ్చగీత లోపలే ఉన్నాయి, రెండు తప్ప. ఇనుము ఎర్రగీత దాటింది. రాగి లోహమైతే పేజీ అంచు తగిలి, ఇంకా పైకి బాణం గుర్తు పెట్టుకుంది. కింద రాసి ఉంది: తీవ్రమైన ఒత్తిడి, అలసట, చిరాకు, నిద్రలేమి. ఆ కింద మానవలసిన తిండి: వేరుశనగ, అంటే చెనిక్కాయలే, నువ్వులు, పప్పుధాన్యాలు, ఆకుకూరలు. ఆమె మూడు నెలల వంటంతా వరసగా ఆ జాబితాలో ఉంది.

ఆ మధ్యాహ్నం విస్తట్లో తెల్లన్నమూ మజ్జిగా మాత్రమే పడ్డాయి.

"ఏం రూపా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు ప్రతాప్. అందరి ముందు అతణ్ణి ఏమండీ అని పిలవాలని కూడా గుర్తులేక, "ప్రతాప్, నేనే నిన్ను పాడుచేసినాను," అని ఏడ్చేసింది. ఫోను ముందు పెట్టి, ఆ ఎర్రగీతలు ఏమిటో ఎక్కిళ్ళ మధ్య చెప్పింది.

ప్రతాప్ రిపోర్టు చదివాడు. "చిరాకంట. నాకు. నాయనా, నేను ఈ మధ్య ఎవురిమీదన్నా అరిసినానా?"

"అరిస్తే బాగుండు. పాటలు పాడతా ఉండావు. భరించలేకపోతా ఉండాను," అన్నాడు దేవరాజులు.

రూపశ్రీ నవ్వలేదు. రాగి దగ్గరున్న ఆ బాణం గుర్తు ఆమె కళ్ళముందే ఉంది. అంత రాగి ఎక్కడినుంచి వచ్చింది? తాగేది క్యాను నీళ్ళు. వండేది స్టీలు గిన్నెల్లో.

చౌడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "అమ్మా, రాగంటే... సెంబులు సేస్తారే, ఆ రాగేనా?" అంది.

"అదే అత్తా."

ఆమె లోపలికి వెళ్ళి, దేవుడి గూటి వెనకనుంచి ఒక రాగిచెంబు తెచ్చి కోడలి ముందు పెట్టింది. నిండా నూనె. పచ్చగా ఉంది. చెంబు లోపలి అంచుమీద దట్టంగా చిలుము.

"నా మొక్కు వల్ల గదా నీ పరీక్ష మూడు నెలలు ఎనక్కి పోయింది. అందుకని జుట్టు గబగబా పెరగల్లని... మా అమ్మ సేసే నూనె. కరేపాకు, గోరింటాకు ఏసి ఇనుప బాణలిలో కాంచి, రాగిసెంబులో నిలవ పెట్టేది. పొద్దున్నే నువ్వు నీళ్ళు పోసుకునేటప్పుడు వాడికి పట్టిస్తా ఉన్నా. మూడు నెలలూ. ఒక్కరోజు తప్పలా."

రూపశ్రీ చెంబు వైపు చూసింది. రోజూ ఆయన తలలో వచ్చే ఆ కరివేపాకు వాసన ఎంత బాగుందోనని మోనికకు తనే చెప్పింది. అదే మోనికకు అప్పటికప్పుడు ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి సంగతంతా చెప్పింది.

అవతల చాలాసేపు నవ్వు. తర్వాత మోనిక, "మే, ఎంటికకు లోపలినుంచి వచ్చిందేదో, పైనుంచి పూసిందేదో తెలీదు. తలస్నానంతో అది పోదు. మా మేడమ్ కూడా చెప్తానే ఉంటాది, దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని. ఆ రిపోర్టు పక్కనబెట్టి మీ డాక్టరు దగ్గరికి పో," అంది.

"నా మూలంగా మళ్ళీ సెడిపాయనే," అని చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూపశ్రీ లేచి ఆమెను గట్టిగా కౌగలించుకుంది. "మీ నూనె పాసయింది అత్తా, నూటికి నాలుగు వందలొచ్చినాయి," అంది. అంటూనే మళ్ళీ ఏడ్చింది. చెంబు సంగతి తేలింది సరే, ఆయన ఒళ్ళు బాగయిందో లేదో ఇంకా తేలలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ బండిమీద డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రక్తమిచ్చి, బెంచీమీద రెండు గంటలు కూర్చున్నారు. ఆ రెండు గంటలూ రూపశ్రీ మాట్లాడలేదు. పెళ్ళయ్యాక ఆమె అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు పైకి తోశాడు. "హిమోగ్లోబిన్ పదమూడున్నర. బీపీ కూడా బాగుండాది. మాత్రలు సరిగ్గా ఏసుకున్నట్టుండావే. ఇంకేం సేసినావప్పా?"

ప్రతాప్ ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడిలా చెనిక్కాయలనుంచి మొదలుపెట్టి మునగాకు దాకా చెప్పాడు. మధ్యాహ్నం మగ్గాలు ఆపడం కూడా చెప్పాడు.

"మగ్గాలు ఆపినారా? దేవరాజులు ఒప్పుకున్నాడా?" డాక్టరు రూపశ్రీ వైపు తిరిగాడు. "అమ్మా, మాత్రలు నేను ఎవురికైనా రాస్తా. ఆ పని నా సేత కాదు."

బయటికొచ్చాక ఎండ మండిపోతోంది. రూపశ్రీకి అరవాలనిపించింది, గంతులేయాలనిపించింది. బజారు కాబట్టి చెప్పులోపలే కాలివేళ్ళు ఆడించుకుంది. రోడ్డువార తాటిముంజలు కొడుతున్న అవ్వ దగ్గర ప్రతాప్ బండి ఆపాడు. రెండు తిన్నాడు. నాలుగు తిన్నాడు. నీళ్ళు మోచేతిదాకా కారుతుంటే, "అవ్వా, ఇంకో కాయ కొట్టు," అన్నాడు. ముంజల్లో ఏ ఖనిజం ఎంతుంటుందో రూపశ్రీకి కంఠతా వచ్చు. ఆ పూట ఒక్కటీ గుర్తుకు రాలేదు. చెయ్యి చాచి, అతని దోసిట్లోంచి ఒకటి లాక్కుని తినేసింది.