మంచం కింది బ్యాటరీలు

హార్లన్‌కి దొంగల భయం పట్టుకుంది. పక్క వరుసలో ఎవరివో రెండు బ్యాటరీలు పట్టపగలే మాయమయ్యాయని విన్న మర్నాడే, తన నాలుగింటినీ తాము కాపురముండే ట్రైలర్ ముందున్న పెట్టెలోంచి తీసి మంచం కిందకి చేర్చాడు. గోల్ఫ్ బళ్లకి వాడే పాత రకం, నీళ్లు పోసేవి, కప్పుమీది సౌర పలకలతో చార్జయ్యేవి. భార్య నోరీన్ ముక్కుకి ఆక్సిజన్ అందించే యంత్రం వాటిమీదే నడుస్తుంది. అవి పోతే, చలికాలం గడపడానికొచ్చిన ఈ క్వార్ట్‌సైట్ ఎడారి వదిలి సొంత రాష్ట్రం అయోవా మంచులోకి తిరుగుముఖం పట్టాలి. ఆ చలిలో నోరీన్‌కి ఊపిరాడదు.

నలభై ఏళ్లు ధాన్యం గిడ్డంగిలో మోటార్లు చూసిన మనిషి. తీగలు బిగించడంలో వంక పెట్టడానికి లేదు. బయటి పెట్టెకి గాలి కన్నాలు ఎందుకున్నాయన్నదొక్కటే బుర్రకి తట్టలేదు.

మర్నాడు గోడమీది గ్యాస్ అలారం కూత మొదలెట్టింది. ఆ ఎడారిలో అలారం కూస్తే ఎవరూ కంగారుపడరు. ఉల్లిపాయ మాడినా కూస్తుంది, కుక్క దాని కింద పడుకుని గాలి వదిలినా కూస్తుంది. అందరిలాగే హార్లన్ కూడా దాన్ని పీకి, ఉన్ని మేజోడులో చుట్టి సొరుగులో పడేశాడు. తలనొప్పి అంటున్న నోరీన్‌కి మాత్ర ఇచ్చాడు.

మూడోరోజు పొద్దున కాఫీకి ఇర్మా వచ్చింది. పక్క ట్రైలర్ మనిషి, ఒకప్పుడు బస్సుల మెకానిక్. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటీ కంపు?"

"గుడ్లు. కాస్త పాతవిలే, ఉడకబెడితే పోతుంది," అన్నాడు హార్లన్, అగ్గిపుల్ల తీస్తూ.

"ఆ పుల్ల కింద పెట్టు."

"గుడ్డు వాసనకే ఇంత హడావుడా?"

"పెట్టమన్నానా. ఇది కోడి పెట్టిన కంపు కాదు. బ్యాటరీలెక్కడ?"

హార్లన్ మంచం వైపు చూశాడు.

"కింద బ్యాటరీలు, పైన నోరీన్, ఆవిడ ముక్కులో ఆక్సిజన్. బాగా పేర్చావయ్యా. వీటి గ్యాస్ పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఏ స్విచ్చీ ముట్టుకోకు. చిన్న ఆక్సిజన్ సిలిండర్ పెట్టి ఆవిణ్ణి బయటికి తీసుకురా. తలుపులు, కిటికీలు బార్లా తెరువు."

ఇర్మా నిచ్చెనెక్కి సౌర పలకలమీద దుప్పటి కప్పింది. ఎండ తగలకపోతే చార్జింగ్ ఆగుతుంది, తీగ పీకి రవ్వ రేపే పని ఉండదు. గంటసేపు గాలాడాక ఇద్దరూ లోపలికెళ్లి చూశారు. ఒక బ్యాటరీ పక్కలు పొంగి, నీళ్లు ఇగిరిపోయి, ఇంకా చెయ్యి పెట్టనివ్వనంత వేడిగా ఉంది.

"లోపల పెట్టుకోవాలంటే లిథియంవి కొనుక్కో. వీటి చోటు బయటే," అంది ఇర్మా. "దొంగల భయమైతే గొలుసేసి తాళం వెయ్యి."

 హార్లన్‌కి భయం కంటే సిగ్గే ఎక్కువైంది. బయట కుర్చీలో ఉన్న నోరీన్ దగ్గరికెళ్లాడు.

"తలనొప్పి ఎలా ఉంది?"

"బయటికొచ్చాక తగ్గింది."

అతను వెళ్లి సొరుగులోంచి మేజోడు తెచ్చి, ఆమె ముందే విప్పాడు. నోరీన్ అలారం వంక చూసింది.

"ఇది ఒక పూట అరిచింది. నేను రెండ్రోజులు తలనొప్పని చెప్పాను. దాన్ని సొరుగులో పెట్టావు, నాకు మాత్ర ఇచ్చావు."

"ఇంకోసారి చెప్పు, వింటాను."

"నేనింక చెప్పను. దాన్ని గోడకి బిగించు, అదే చెబుతుంది."