అత్తింటి అరిసెల డబ్బా

బరంపురం బడా బజార్‌లో పప్పుల వ్యాపారి భీమేశ్వరరావు ఇంట్లో అరిసెలు ఎవరూ వండరు. వంటింటి అరమీది ఇత్తడి డబ్బాలో అవే వచ్చి పడతాయి. కమలాకుమారి కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు పుణ్యవతి ఆ డబ్బా చేతికిచ్చి, "ఇది మనింటి సిరి. కోడలే తినాల, మిగల్సకూడదు" అంది. తల్లి లేని పిల్లకి ఆ మాటే కొండంత ప్రేమ. అప్పట్నుంచి ఆకలున్నా లేకున్నా తింటూనే ఉంది. ఏడుపొచ్చినప్పుడు మరీను. ఒళ్లు పెరిగింది, షుగరు కళ్లదాకా వచ్చింది. "నలుగుర్లో నీ పక్కన నిలబడ్డానికి సిగ్గేస్తంది" అని మొగుడే డైటీషియన్ భారతీదేవి దగ్గరికి పంపాడు.

ఆవిడ తిట్టలేదు. డబ్బా సంగతి విని వింతపడనూ లేదు. "మీది ఆకలి కాదమ్మా, బాధ. తినేముందు కాస్త ఆగండి. అంతకుముందే ఏం జరిగిందో చూసుకోండి" అంది.

కమల చూసుకుంది. మొగుడు చెప్పులేసుకుంటూ "సరుకు సూడ్డానికి ఛత్రపురం ఎల్తన్నాను" అన్నాడు. డబ్బాలో టప్‌మని అరిసె పడింది. ఊరి శివారు అంకులిలో ఆయన ఇంకో ఆడదానికి ఇల్లు పెట్టాడని బజారంతా అనుకునేదే, ఈమే నమ్మలేదు. సాయంత్రం వస్తూనే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "అంకులిలో నాకేటి పని?" అన్నాడు. అరిసెలు పొంగి డబ్బా మూత లేచిపోయింది.

కమల అత్తగారి దగ్గరికెళ్లింది. "ఆయన అబద్ధమాడినప్పుడల్లా పడతన్నాయత్తా. నీకు తెలుసా?"

పుణ్యవతి వత్తులు చేస్తూ తలెత్తలేదు. "మీ మావవి నేను తిన్నాను. ఇంటి పరువు బయట పడకుండా ఎవరో ఒకరు తినాల కదా."

మొగుడి మోసం కంటే ఇది ఎక్కువ కోసింది. అమ్మనుకున్న మనిషి తెలిసే తినిపించింది. ఆ బాధకి చెయ్యి అలవాటుగా డబ్బాలోకి పోయింది, అరిసె నోటిదాకా వచ్చింది. కమల ఆగింది. అరిసె తిరిగి పెట్టేసింది.

రాత్రి భోజనానికి మొగుడి కంచంలో అన్నానికి బదులు అరిసెలు పెట్టింది.

"ఏటిది?"

"మీవే. తినండి."

"నాకేటీ తెల్దు" అన్నాడు. డబ్బాలో ఇంకోటి పడింది. అదీ తెచ్చి వేసింది.

పుణ్యవతి చెయ్యి తనకు తెలియకుండానే కొడుకు కంచం మీదికి పోయింది. కమల ఆ చేతిని మెల్లిగా పక్కకి జరిపింది. క్షమించి కాదు. "ఎవరివి ఆళ్లే తినాలత్తా" అంది.

అప్పుడు కడుపులో ఏదో కదిలింది. బాధనుకుంది ముందు. కాదు, ఆకలి. ఇన్నేళ్లకి. చారన్నం వడ్డించుకుని, వాళ్లెదురుగానే కూర్చుని, కడుపు చాలన్నదాకా తిని లేచింది.

భీమేశ్వరరావు ఇప్పుడు ఇంట్లో పెద్దగా మాట్లాడడు.