కరువుకు ఫ్రెంచి మాట

1973 ఏప్రిల్ ఎనిమిదో తేదీ. సర్పంచి గంగాధరప్ప ఇంట్లో ఓళిగలనే బొబ్బట్లు, నెయ్యి, వంకాయ కూర. మా ఆవిడ పోయిన తర్వాత మొదటిసారి ఓళిగ తిన్నది ఆ రోజే కాబట్టి తేదీ గుర్తుండిపోయింది.

ఊళ్ళో బావులన్నీ ఎండాయి. బోర్లు వేయించే సంఘం తరఫున ఒక ఫ్రెంచి దొర మా కరువు చూడడానికి వస్తున్నాడు. ఆయన సరేనంటేనే బోరు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పాపానికి దుబాసీ పని నా మీద పడింది.

“రెండూ ఒకే అక్షరాలు కదా సార్, ఆ మాత్రం రాదా?” అన్నాడు గంగాధరప్ప.

పాత ఫ్రెంచి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. ఆ రెండు భాషలూ అన్నదమ్ముల పిల్లల్లాంటివి. ముఖాలు ఒకటే, బుద్ధులు వేరు. ఇంగ్లీషు లైబ్రరీలో పుస్తకం ఊరికే చదవొచ్చు. అదే పోలికున్న ఫ్రెంచి మాటకు పుస్తకాల అంగడి అని అర్థం. ఇంగ్లీషు ‘డిమాండ్’ గద్దిస్తుంది. ఫ్రెంచిలో దాని తోబుట్టువు మర్యాదగా అడుగుతుంది, అంతే అని గంగాధరప్పకు చెప్పాను.

“అడిగేదేంది సార్, అడుక్కుతినేవాళ్ళమా? డిమాండే చేయల్ల!”

“చెయ్యి గంగాధరప్పా. నువ్వు గద్దించినా ఆయనకు అడిగినట్టే వినపడుతుంది.”

గంగాధరప్పకు నా చదువు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఒక్క మాట మాత్రం రెండు భాషల్లోనూ అక్షరం మారకుండా, అర్థం మారకుండా దొరికింది. కరువు.

దొర వచ్చాడు. కరువని చెప్పి అతిథికి ఒట్టి సంగటి పెడితే ఊరి పరువేం కావాలి? పూర్ణానికి బేడలు, నెయ్యి కళ్యాణదుర్గం నుంచి తెప్పించారు. దొర విస్తరి నిండాక నేను లేచి, సాధన చేసిన ఆ కరువు మాట పలికాను.

“ఫామిన్.”

దొర నెయ్యి ఓడుతున్న ఓళిగను చూశాడు, నన్ను చూశాడు. నవ్వి తల అడ్డంగా ఊపాడు. బోరు పోయినట్టేననుకున్నాను.

“ఇంకో రెండు వేయండి, సిగ్గుపడతాండాడు!” అని కేకేశాడు గంగాధరప్ప.

భోజనమయ్యాక గంగాధరప్ప భార్య నాగలక్ష్మమ్మ దొర చేతుల మీద సన్నగా నీళ్ళు పోస్తూ, అలవాటు కొద్దీ కింద బేసిను పెట్టింది.

“దొర ముందర ఏందే అది? మానం పోతాండాది, తీయ్!”

“దూడ దప్పికతో ఉండాది. నీ మానం తాగుతాదా?”

ఆ ఎంగిలి నీళ్ళు తీసుకుని ఆమె పెరట్లోకి పోయింది. దొర వెనకే వెళ్ళాడు. దూడ బేసిను అడుగు దాకా నాకి, ఆయన తడి వేళ్ళు కూడా నాకింది.

“ఫామిన్,” అన్నాడు దొర మెల్లగా. బోరు ఎక్కడ వేయాలో చూపించమని సైగ చేశాడు.

పొద్దుగూకేదాకా అరుగు మీద గంగాధరప్ప గొంతే. “నేను డిమాండ్ చేసేకొద్దీ బెదిరిపోయినాడు!”

నేను లేచాను. నాగలక్ష్మమ్మ రెండు ఓళిగలు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

“పొద్దున్నే పొయ్యి ముట్టించే పని లేదులే సార్,” అని, మెల్లగా తలుపు వేసుకుంది.