జగ్గమ్మ మానేసిన కూర

జగ్గమ్మకి వారం రోజులుగా విరేచనం కాలేదు. కోడలు పద్మకుమారి ఆమెను బతిమాలి బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకువెళ్లింది. డాక్టరు భీమశంకరరావు పొట్ట నొక్కి చూసి విసుక్కున్నాడు.

"ఎన్నాళ్లని మందు మింగుతావు? ఉత్త అన్నం, చింతపండు చారుతో పేగులెలా కదులుతాయి? పీచున్న కూరలు తినాలి. ఆనపకాయ, బీరకాయ, తోటకూర."

ఆనపకాయ పేరు వినగానే జగ్గమ్మ మొహం తిప్పుకుంది.

ఎందుకో పద్మకుమారికి తెలుసు. రెండేళ్ల కిందట, అరవై ఏడులో, తన మొగుడు చినబాబు టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. బార్లీ నీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. పథ్యమంటే జగ్గమ్మకు దేవుడి ఆన. కొడుకు ఆనపకాయ కూర కోసం చంటిపిల్లాడిలా ఏడ్చినా గుండె రాయి చేసుకుని పెట్టలేదు. మూడోనాడు అతను పోయాడు. ఆనాటి నుంచి ఆమె కంచంలో ఏ కూరా పడలేదు.

ఇంటికొచ్చాక పద్మకుమారి ఆనపకాయ వండి అత్త ముందు పెట్టింది.

"తీసియ్యే. నా కొడుకడిగితే ఎట్టనేదు. ఆకలితో ఎలిపోనాడు. నానేటి మొకం ఎట్టుకుని తింతాను?"

పద్మకుమారి రెండేళ్లుగా ఒక మాట దాచుకుంది. ఆ మాట చెబితే తను దోషి అవుతుంది. చెప్పకపోతే ఈ మనిషి కళ్లెదుటే చిక్కి శల్యమైపోతుంది.

"ఆకలితో ఎల్లనేదత్తా. ఆడడిగిననాడే, నువ్వు సెరువుకెల్లినప్పుడు నానొండి ఎట్టినాను. నాలుగు ముద్దలు తిన్నాడు."

జగ్గమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఇష్టంగా తిన్నాడా?"

"ఏళ్లు నాక్కున్నాడు."

ముసలమ్మ కంచం దగ్గరికి లాక్కుని, ఏడుస్తూనే మెతుకు మిగల్చకుండా తింది. పద్మకుమారి కూడా ఏడ్చింది. రెండేళ్ల బరువు దిగిపోయిందనుకుంది, పిచ్చిపిల్ల.

మర్నాడు లేచేసరికి పెరట్లో మరో పొయ్యి మండుతోంది. జగ్గమ్మ దాని పక్కన కూర్చుని తన కూర తనే తరుక్కుంటోంది. కోడలు అందుకోబోతే కత్తిపీట అవతలికి జరుపుకుంది.

"నీ సేతి కూర తిన్న మూడోనాడే కదే ఆడు పోనాడు," అంది నెమ్మదిగా.

పద్మకుమారి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండేళ్లుగా తనూ రోజూ అనుకుంటున్న మాటే అది.

నెల తిరక్కుండా జగ్గమ్మ కడుపు బాగుపడింది. కోడలి చేతి ముద్ద మాత్రం మళ్లీ నోట పెట్టలేదు.