ఉడ్ స్టవ్ మీద కొబ్బరికాయ

మా అమ్మకీ మావారికీ మధ్య నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉద్యోగం చేశాను, అదీ జీతం లేకుండా. మా కోనసీమలో మా వైపు వాళ్ళ ఇళ్ళల్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి కూతురితో చెప్పిస్తుంది. సముద్రాలు దాటి వచ్చి బాతెల్‌లో మేము కొనుక్కున్న ఇంట్లో హాలుకీ వంటగదికీ మధ్య తలుపే లేదు. అందుకని మా అమ్మ అనంతలక్ష్మి ఫ్రిజ్ చాటున నిలబడేది.

“అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడగవే” అని ఫ్రిజ్ చాటు నుంచి అమ్మ.

“తాగుతానని చెప్పు వసూ” అని సోఫాలోంచి మావారు భీమశంకర్.

ఒకళ్ళ మాట ఒకళ్ళకి శుభ్రంగా వినబడుతూనే ఉండేది. అయినా మధ్యలో నేను నోరు విప్పితే తప్ప కాఫీ గ్లాసు కదిలేది కాదు. నాకు ఒళ్ళు మండేది. కడుపుతో ఉన్నదాన్ని, ఇద్దరి మాటలూ మోయడానికి నేనే దొరికానా?

అమ్మ నా పురుడు కోసం వచ్చింది. 1979 అక్టోబర్‌లో దిగింది. జనవరి ఆఖర్లో డెలివరీ అన్నాడు డాక్టరు. అంతకు ముందు ఏడాది ఒక కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఆసుపత్రిలో నాకు తెలివొచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. మావారు కార్ పార్క్ చేయడానికి వెళ్ళారట. ఆయన వచ్చేదాకా నేను ఆ తెల్లటి గోడని చూస్తూ అమ్మా అమ్మా అని ఏడ్చాను. అందుకే ఈసారి అమ్మ నా పక్కన ఉండి తీరాల్సిందేనని పట్టుబట్టాను. నాన్న పోయాక ఊరు దాటి ఎరగని మనిషి, నా కోసం ఒక్కర్తీ విమానం ఎక్కి వచ్చింది.

తీరా నవంబర్ వచ్చేసరికి, “నేను వెళ్ళిపోతానే” అని మొదలుపెట్టింది.

“అదేమిటమ్మా! ఇంకా రెండు నెలలుంది!”

“చలే తల్లీ. ఎముకలు కొరికేస్తోంది.”

చలి మాట నిజమే. ఆ ఏడు హీటింగ్ ఆయిల్ ధర మండిపోయి, వీధి వీధంతా థర్మోస్టాట్ తగ్గించుకుని స్వెట్టర్లలో కూర్చుంది. మావారు మరీనూ. నేను పెంచడం, ఆయన తగ్గించడం, రోజూ ఇదే భాగవతం. అమ్మ పాపం నూలు చీర మీద నా స్వెట్టరూ, దాని మీద మావారి పాత కోటూ తొడుక్కుని, చెవులకి మఫ్లర్ చుట్టుకుని తిరిగేది. వాన ఒకటి, పొద్దస్తమానం ముసురే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పేశాను. “అమ్మ వెళ్ళిపోతానంటోంది. చలికిట. మీ పొదుపు మీరే కట్టుకోండి.” ఆయన శనివారం పొద్దున్నే లేచి వెళ్ళి, పికప్ ట్రక్కులో ఒక ఇనుప స్టవ్ వేసుకుని వచ్చారు. పోత ఇనుముది, నల్లగా, పొట్టి కాళ్ళతో, ముందు చిన్న తలుపుతో ఏనుగుపిల్లలా ఉంది. అమ్మిన షాపాయన గ్లెన్ కూడా వచ్చి దింపడానికి సాయం పట్టాడు.

“ఇందులో కట్టెలు వేస్తే హాలంతా వెచ్చగా ఉంటుందని అత్తయ్యగారికి చెప్పు” అన్నారు మావారు, వగరుస్తూ.

“పొయ్యి ఆగ్నేయం మూల పెడుతున్నారేమో కనుక్కోవే” అంది ఫ్రిజ్.

ఆయన అప్పటికే టేపుతో ఇంకో మూల కొలతలు వేసుకున్నారు. ఆ మాట వినగానే ఎక్కడిదో దిక్సూచి తీసుకొచ్చి, ఆగ్నేయం చూసుకుని, పెన్సిల్ గీతలన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఆఫీసులో విమానం రెక్కల లెక్కలు వేసే మనిషి! ఆ మూల సోఫా జరపాల్సి వచ్చింది, పైన దూలం అడ్డొచ్చి గొట్టం తిప్పాల్సి వచ్చింది. కింద ఇటుకలు పరిచి, గోడకి దూరంగా స్టవ్ నిలబెట్టి, కప్పుకి కన్నం వేసి గొట్టం బయటికి పంపేసరికి థాంక్స్ గివింగ్ సెలవులన్నీ హరించుకుపోయాయి. ఇల్లంతా దుమ్ము. కౌంటీ వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి బాగుందని వెళ్ళాడు. ఆ వేళ మావారి మొహం చూడాలి, పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

ఆదివారం మంచి గడియ చూసింది అమ్మ. స్టవ్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆవిడ లోపల పూజ సామాను సర్దుకునేలోపు మావారు చిన్న మంట వేసి ఉంచారు, అత్తగారు మళ్ళీ వచ్చేసరికి హాలు వెచ్చబడాలని. ఆయన స్టవ్‌తో పాటు ఇచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్టకి చదివారు. కొత్త ఇనుముని మొదట్లో మెల్లగా కాచాలని నాకు పాఠం కూడా చెప్పారు. కానీ పుస్తకం రాసినవాడికి కొబ్బరికాయ సంగతి ఏం తెలుసు?

కాయ సేఫ్‌వే షాపులో కొన్నదే. దాన్ని చూసి అమ్మ “అయ్యో, ఎన్నాళ్ళ కిందటిదో” అని జాలిపడింది. మావారు కొత్త కారుకి కొట్టినట్టే దాన్ని రెండు చేతులా ఎత్తి, దండం పెట్టుకుని, స్టవ్ అంచుకేసి ఫెడీమని కొట్టారు. కాయ ఠపీమని పగిలింది. లోపలి చల్లటి నీళ్ళన్నీ కాలుతున్న పై పలక మీద చుయ్యిమన్నాయి. ఆ వెంటనే ఠంగుమని ఇంకో చప్పుడయింది.

ఆవిరి తగ్గాక చూస్తే పలక మీద ఆ మూల నుంచి జానెడు పగులు. మావారు చేతిలో రెండు చిప్పలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏ దేవుడికి ఇవ్వాలో తెలియనట్టు ఉంది ఆయన వాలకం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

“అయ్యయ్యో! అపశకునం!” అంది అమ్మ. ఈసారి ఫ్రిజ్ చాటుకి కూడా పోలేదు, నేరుగా గదిలోకి వెళ్ళి పెట్టె తీసింది.

నాకు పూనకం వచ్చింది. వెనకాలే వెళ్ళాను.

“ఆయన నీ కోసం నడుం విరగ్గొట్టుకుంటే నువ్వు పెట్టె సర్దుతావా? చలి పోవడానికే కదా ఇదంతా! పగిలితే పగిలింది, ఇంకోటి తెస్తారు. నన్ను మళ్ళీ ఒంటరిగా ఆ ఆసుపత్రికి పంపిస్తావా అమ్మా?”

అమ్మ మడత పెడుతున్న చీరని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“చలి కాదే” అంది. “అల్లుడింట్లో ఎన్నాళ్ళని కూర్చుని తిననే? మీ నాన్న పిల్లనిచ్చిన ఇంట మంచినీళ్ళు కూడా మొహమాటపడి తాగేవారు. పోనీ చేద్దామంటే నా చేతికి పనేదీ? అంట్లకి మిషను, బట్టలకి మిషను, ఊడవడానికి మిషను. ఆ కరెంటు పొయ్యి మీద చెయ్యి వెయ్యాలంటే నాకు భయం. పొద్దున లేచింది మొదలు కోటేసుకుని కూర్చోవడం, మీరు పెడితే తినడం. నిన్ను చూస్తే ఉండాలనే ఉంటుంది. కానీ సిగ్గుగా ఉందే తల్లీ.”

ఆవిడ కళ్ళనీళ్ళు చూసి నా కోపం ఎటు పోయిందో. ఇద్దరం కాసేపు ఏడ్చాం. నేనొక సంగతి మరిచిపోయాను, మా ఇంటి గోడలు అట్టముక్కల్లాంటివి. అవతల హాల్లో మావారు ఉన్నారు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ గ్లెన్ షాపులో ఆగి, డబ్బాలో నల్లటి ముద్ద ఒకటి తెచ్చారు, పొయ్యిల పగుళ్ళకి పూసే సిమెంట్. గుమ్మంలోంచే నాకు చెప్పడం మొదలుపెట్టారు, గొంతు మామూలు కంటే కొంచెం పెద్దది చేసి.

“వసూ, కొత్త పలకకి ఆర్డర్ ఇచ్చాను. రావడానికి టైం పడుతుందిట. అందాకా ఇది పూసి వాడుకోవచ్చన్నాడు గ్లెన్. కానీ పెద్ద మంట వెయ్యకూడదు, పగులు సాగుతుంది. చల్లారనివ్వకూడదు, ఎగదోయకూడదు. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు దగ్గరుండి సన్నగా చూసుకోవాలిట. నేనేమో ఆఫీసుకి పోతాను, నువ్వు వంగలేవు. ఏం చేద్దాం మరి?”

గ్లెన్ అంత మాట అన్నాడో, మావారు దారిలో కల్పించుకున్నారో నేను అడగలేదు.

ఫ్రిజ్ చాటు నుంచి అమ్మ కొంగు బొడ్లో దోపుకుని వచ్చి, డబ్బా మూత తీసి, ఆ ముద్దని వేలితో తీసి వాసన చూసి, ఎర్రమట్టి మెత్తినట్టు పగులంతా మెత్తింది. అది ఆరేదాకా స్టవ్‌ని ముట్టుకోనివ్వలేదు. ఆరాక మావారు మంట రాజేయబోయారు. పొగ తప్ప ఏమీ రాలేదు.

“అల్లుడుగారిని లెమ్మనవే” అంది అమ్మ. ఆయన లేచారు, నేను చెప్పకముందే.

అంతే, ఆ పొయ్యి అమ్మదైపోయింది. పొద్దున్నే గ్యారేజీలోంచి చితుకులూ చెక్కలూ ఏరి తెచ్చుకునేది. తడివి ఒక పక్క, ఎండువి ఒక పక్క పేర్చుకునేది. మావారి పాత కోటు తీసి కొక్కేనికి తగిలించింది. మధ్యాహ్నం నిప్పుల్లో వంకాయ కాల్చి పచ్చడి చేస్తే ఇల్లంతా మా ఊరి వంటిల్లు వాసన. మావారు మారు వడ్డించుకుని, మళ్ళీ వడ్డించుకుని, “ఇంకా ఉందేమో అడుగు” అన్నారు. “అల్లుడుగారికి కడుపు నొప్పి వస్తుందని చెప్పు” అంది అమ్మ, ఫ్రిజ్ చాటు నుంచి నవ్వుతూ. ఊరికి వెళ్ళే మాట ఎత్తడం మానేసింది. నేనూ గుర్తు చెయ్యలేదు. గర్భిణీ స్త్రీకి ఆ మాత్రం తెలివి ఉంటుంది.

క్రిస్మస్ దాటాక ఒక సాయంత్రం మావారు కార్లోంచి ఒక బరువైన అట్టపెట్టె దించి, గ్యారేజీలో పెయింటు డబ్బాల వెనక పెట్టి, పైన పాత దుప్పటి కప్పడం కిటికీలోంచి చూశాను.

“పలక సంగతేమైందండీ?” అన్నాను భోజనాల దగ్గర, కావాలనే.

“ఇంకా రాలేదట” అన్నారు, కంచంలోంచి తలెత్తకుండా. ఈయన అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి.

జనవరిలో నాకు కాళ్ళు వాచాయి. స్టవ్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, అమ్మ నా పాదాలకి ఆముదం రాస్తోంది. మావారు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు. అమ్మ లేచింది. ఫ్రిజ్ వైపు వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“బాబూ” అంది. “గ్యారేజీలో ఆ దుప్పటి కింద పలక ఉంది చూశారూ, కట్టెల కోసం వెళ్ళినప్పుడల్లా కాలికి తగులుతోంది. కాస్త పక్కకి జరపండి. తొందరేం లేదు, పురుడయ్యాక వేసుకుందాం.”

మావారు బూటు చేత్తో పట్టుకుని నా వైపు చూశారు, అలవాటు కొద్దీ, ఆ మాట నేను మళ్ళీ చెబుతానేమోనని.

నేనేమీ చెప్పలేదు.