మరాహిబా అనే ఇంటిపేరు

కరక్ ఊరి చుట్టుపక్కల మరాహిబాలంటే మర్హబ్ అనే పూర్వీకుడి సంతానం. ఆ ఇంటిపేరు చెబితే చాలు, సగం పనులు వాటంతటవే అయిపోతాయి. ముత్లక్‌దీ ఆ పేరే. కానీ తన ఒంట్లో మర్హబ్ రక్తం చుక్కయినా లేదని తండ్రి పోయేముందు చెవిలో చెప్పి పోయాడు. ఈ సంగతి లోకంలో తనొక్కడికే తెలుసనుకుని, ఎవరు వంశం మాట ఎత్తినా ముత్లక్ నేల చూపులు చూసేవాడు.

కొడుకు సాహిర్ నౌఫాను తప్ప ఇంకెవర్నీ చేసుకోనని మూడేళ్లు మొండికేశాడు. చివరికి నలభై మంది పెద్దలు పిల్లనడగడానికి ఆమె తాత మిఫ్లెహ్ ఇంటికి వెళ్లారు. మరాహిబాల వంశపెద్ద షేక్ నహార్ కాఫీ అందుకుని, తాగకుండా ముందు పెట్టుకున్నాడు. పిల్లనిస్తామన్న మాట వచ్చేదాకా ఎవరూ గుక్క వేయరు. నహారే సాహిర్ తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పుకుంటూ, ఎక్కడా తడబడకుండా మర్హబ్ దాకా తీసుకెళ్లాడు.

"బాగుంది," అన్నాడు మిఫ్లెహ్. "ఏమయ్యా ముత్లక్, పిల్లాడి తండ్రివి. ఈ వరసంతా నిజమేనని దేవుడి మీద ఒట్టేసి చెప్పు."

అవునంటే పెళ్లి ఖాయం. కాదంటే కొడుకు ముఖం చూడలేడు. అయినా దొంగ ఒట్టు మీద కొడుకు కాపురం నిలబెట్టడానికి ముత్లక్‌కి మనసొప్పలేదు.

"కాదు హాజీ," అన్నాడు. "మా తాత తండ్రి ఉవైద్ ఎక్కడో దక్షిణాన మనిషిని చంపి పారిపోయొచ్చాడు. వీళ్ల గుడారం గుంజ పట్టుకుని శరణన్నాడు. వీళ్లు ప్రాణం నిలబెట్టి పేరు కూడా ఇచ్చారు. మేం పుట్టుకతో మరాహిబాలం కాదు."

నహార్ ముఖం కందగడ్డలా అయింది. "నోరు మూసుకోలేకపోయావురా? వాణ్ణీ వాడి పిల్లల్నీ పరాయివాళ్లని ఎవడూ అనకూడదని ఆ రోజే మా ముత్తాత అందరిచేతా ఒట్టేయించాడు. నాలుగు తరాలుగా ఒక్కడు నోరు మెదపలేదు. చివరికి నువ్వే అనేశావు!"

"ఒట్టేయమన్నాడు కదన్నా..." ముత్లక్ కళ్లొత్తుకున్నాడు. తిట్టినందుకు కాదు. తన కోసం ఇంతమంది ఇన్నేళ్లు ఆ మాట దాచారని అతనికి ఇప్పుడే తెలిసింది.

మిఫ్లెహ్ గడ్డం నిమురుకున్నాడు. "అయితే నహార్, అన్నీ తెలిసే నా ఇంట్లో కూర్చుని నా ముఖం మీదే అబద్ధమాడావన్నమాట."

"ఆడాను."

"మీ రక్తం కానివాడి కోసం."

"మావాడి కోసం."

"మా నౌఫా కూడా మీకు పరాయి పిల్లేనయ్యా. రేపు నలుగురూ దాన్ని వేలెత్తి చూపిస్తే, దాని కోసమూ ఇలాగే నిలబడతావా?"

"నువ్వే వేలెత్తినా నిలబడతా!" నహార్ కోపం ఇంకా దిగలేదు.

ముసలాయన పకపకా నవ్వాడు. "పిల్లనిచ్చాం. తాగండయ్యా, చల్లారిపోతోంది."

ముత్లక్ ఇక ఆపుకోలేకపోయాడు. నలభై మంది మధ్య, తలగుడ్డ కొస ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నహార్ అతని వైపు కాసేపు చిరాగ్గా చూసి, మిఫ్లెహ్‌తో అన్నాడు:

"చూశావా, ఏడిస్తే అచ్చం మా నాన్న పోలికే."