పలకని పలకలు

దుమ్ము జబ్బు వస్తే తనకే వస్తుందని మాలకొండయ్య ఎప్పుడో తీర్మానించుకున్నాడు. మార్కాపురం పలకల గనుల్లో పద్నాలుగేళ్లు రాయి కొట్టినవాడు, అన్న పోలయ్యను అదే జబ్బు తీసుకుపోతే దగ్గరుండి మట్టి చేసి వచ్చినవాడు, ఇంకెలా అనుకుంటాడు? రెండు దగ్గులు వస్తే చాలు, మొదలైందనేవాడు. యాభై దాటాక మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసం వస్తుందంటే ఒప్పుకునేవాడు కాదు. రెండేళ్ల కిందట ఎక్స్‌రే తీసిన డాక్టరు, నీ ఊపిరితిత్తులకేం కాలేదు, బీడీలు మానెయ్యమని చెప్పి పంపితే సంతోషించాల్సింది పోయి ఇంటిదాకా మూతి ముడుచుకునే వచ్చాడు. డాక్టరూ పెళ్లాం రోశమ్మా కూడబలుక్కుని తన దగ్గర ఏదో దాస్తున్నారని అతని అనుమానం.

ఆ రోజే రోశమ్మను కూడా ఎక్స్‌రే తీయించుకోమంటే, "నాకేంది, నేను నీడపట్టున పనిచేసిన మనిషిని" అని తప్పించుకుంది. నీడపట్టు అంటే పలకల ఫ్యాక్టరీ రేకుల షెడ్డు. కోత మిషను పక్కన కూర్చుని పదకొండేళ్లు పలకల అంచులు సాపు చేసింది. ఎండకు ఎండేదీ వానకు తడిసేదీ గనిలో మగవాళ్లు కాబట్టి జబ్బులూ వాళ్లవేనని అందరూ అనుకునేవారు. మాలకొండయ్యకూ ఆ మాట సబబుగానే తోచింది.

జబ్బు రాకుండానే అతనికి రోగి మర్యాదలన్నీ జరిగిపోయేవి. పొద్దున్నే మిరియాల పాలు, చలికాలంలో చెవులకు మఫ్లరు. బరువైన మూట కనిపిస్తే రోశమ్మే ముందు ఎత్తుకునేది. ఇంతచేసే మనిషితో అతనికి ఒక్క విషయంలోనే పేచీ, టేబుల్ ఫ్యాను. మూడేళ్ల కిందట పట్టుబట్టి కొనిపించింది. తన మంచం తల దగ్గరే పెట్టుకుని పన్నెండు నెలలూ తిప్పుతుంది. అది తిరుగుతుంటే రేకుల మీద వాన పడినంత చప్పుడు. డిసెంబరులో దుప్పటి నిండా కప్పుకుని మరీ ఫ్యాను వేసేది. దోమలు అనేది, ఉక్క అనేది. కరెంటాఫీసువాళ్లు నీకు శాలువా కప్పుతారే అని అతను వెక్కిరించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది గానీ స్విచ్చి మాత్రం కట్టేసేది కాదు.

పిల్లలు పలకలు మానేసి నోటు పుస్తకాలు పట్టాక గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాలకొండయ్య ఒంగోలులో ఒక కాంట్రాక్టరు కింద ఫాల్స్ సీలింగ్ పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు మార్కాపురంలో, గిద్దలూరులో కాస్త ఉన్నవాళ్లెవరు ఇల్లు కట్టినా సీలింగ్‌కు అతన్నే పిలుస్తారు. అతను పైన బల్లమీద నిలబడితే రోశమ్మ కింద నుంచి సామాను అందిస్తుంది. ఆమె నడుముకు దోపుకున్న సెల్‌ఫోనులో పొద్దస్తమానం పాటలు మోగుతూ ఉండాల్సిందే.

బట్టల దుకాణం కరుణాకరం మేడ మీద హోమ్ థియేటర్ గది పని అతనికి వచ్చింది ఈ ఫిబ్రవరిలో. కరుణాకరం సంగతి ఊరికి తెలుసు. దుకాణం గుమ్మంలో మైకు పట్టుకున్న మనిషిని నిలబెట్టి రండి రండి అంటూ బజారు చెవులు చిల్లులు పొడిపించే ఆసామి, తనవరకు చీమ చిటుక్కుమన్నా వినపడని గది కట్టించుకుంటున్నాడు. మనిషి మంచివాడే. పనివాళ్లకు రెండు పూటలా టీ తనే పట్టుకుని మేడెక్కి వచ్చేవాడు.

హైదరాబాదు నుంచి ప్యానళ్లు అట్టపెట్టెల్లో వచ్చాయి. రెండడుగుల చదరం, పైన నల్లటి గుడ్డ. పెట్టె విప్పిన రోశమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇవీ పలకలే గదయ్యా" అంది.

మాలకొండయ్య దాన్ని అందుకుని ఎడమ అరచేతిలో నిలబెట్టి కుడిచేతి వేలి కణుపుతో టక్కున కొట్టాడు. గని వదిలి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. రాయిని పలకగా చీల్చాక ప్రతిదాన్నీ అట్లా కొట్టి చూడాలి. గట్టిదైతే ఖంగున మోగుతుంది. పలికింది అంటారు. లోపల నెర్ర ఉంటే బద్దుమంటుంది. పలకలేదని పక్కన పారేస్తారు. కంటికి ఆనని నెర్ర మాలకొండయ్య చెవికి దొరికేది. మిగతావాళ్లు కొట్టి చూసి తేల్చుకోలేని రాళ్లను మేస్త్రీ అతని దగ్గరకే తెచ్చేవాడు. గనిలో అతనికి వేరే గొప్పేం లేదు, ఆ చెవి ఒక్కటే గొప్ప. ఈ నల్ల పలక మాత్రం ఏ శబ్దమూ చెయ్యలేదు. వేలు తగిలిందా లేదా అన్నట్టుంది.

"ఇది పలకదు సార్" అన్నాడు.

పలకకూడదనే కదయ్యా ఇంత డబ్బు పోసిందని, టీ పట్టుకొచ్చిన కరుణాకరం పడిపడి నవ్వాడు.

తొమ్మిది రోజుల పని. ముందు ఇనప చానళ్లు బిగించాడు. వాటి మీద దూదిలాంటి గ్లాస్‌వూల్ పరిచి, కింద ప్యానళ్లు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ వచ్చాడు. గోడలకూ అవే. పని సాగేకొద్దీ గది మారిపోయింది. సుత్తి దెబ్బ తగిలిన చోటే ఆగిపోతోంది. పిలిస్తే పిలుపు నోటి ముందరే రాలిపోతోంది. మాలకొండయ్యకు ముచ్చటేసింది. గనిలో రాయి చేత పలికించిన తానే ఇప్పుడు గది నోరు మూయిస్తున్నానని అనుకున్నాడు.

రోశమ్మకు మాత్రం ఆరో రోజు నుంచి ఆ గది గిట్టలేదు. ప్యానళ్లు గుమ్మం దాకా తెచ్చి అక్కడి నుంచే అందించేది. పాటల మోత పెంచేసింది. ఏందే నీ గోలని కసిరితే, "ఈ గదిలో నాకు ఊపిరాడదు" అంది. కిటికీలు లేని గది కదా, అందుకే కామోసనుకున్నాడు అతను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఖరి ప్యానల్ ఎక్కింది. కరుణాకరం కొత్త కుర్చీ ఒకటి తెప్పించి నడిమధ్యన వేయించుకుని కూర్చున్నాడు. చేతిలో కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం. సూది కిందపడినా వినపడేంత నిశ్శబ్దం ఉండాలని అందులో రాసి ఉందట. ఏసీ ఆపించాడు. రోశమ్మ చేత ఫోనులో పాటలు కట్టేయించాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను లోపలికి రమ్మని, మందపాటి తలుపు మూసి, ఎవరూ కదలొద్దన్నాడు.

అంత నిశ్శబ్దం మాలకొండయ్య పుట్టి ఎరగడు. బజారు లేదు, ఆటోలు లేవు, దుకాణం మైకు లేదు. కాసేపటికి ఆ నిశ్శబ్దంలో ఒక సన్నటి ఈల వినపడింది. వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది.

"ఎక్కడో సందుంది మాలకొండయ్యా. గాలి దూరుతున్నట్టుంది" అన్నాడు కరుణాకరం.

మాలకొండయ్య పోల్చుకున్నాడు. సందు కాదు, గాలి కాదు. అది అన్న పోలయ్య ఛాతీలో చివరి ఏడాదంతా మోగిన ఈల. దాన్ని అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. ఇన్నాళ్లూ భయపడింది వచ్చేసింది. రోశమ్మ ఎదుటే, ఊళ్లో పెద్దమనిషి ఎదుటే బయటపడింది. తను పోతే ఈమె గతేమిటన్నది ఒక్కటే అతనికి తట్టింది. ఆ ఈల వాళ్ల చెవిన పడకుండా గట్టిగా ఊపిరి బిగబట్టాడు.

ఈల ఆగలేదు.

బిగబట్టిన ఊపిరితో ఇరవై దాకా లెక్కపెట్టాడు. వస్తూనే ఉంది. ఊపిరి వదిలాక ఆశ పుట్టుకొచ్చింది. తనది కాదు! నిజంగా సందే అయి ఉంటుంది. ఒక్క గెంతున బల్లెక్కి ప్యానళ్ల అతుకులకు చెవి ఆనించుకుంటూ వెతికాడు. తెర ఉన్న వైపు లేదు. మధ్యలో లేదు. తలుపు వైపు జరిగేకొద్దీ గట్టిగా వినపడింది. అదుగో దొరికిందని తలుపు మీది ప్యానల్ విప్పాడు. గ్లాస్‌వూల్ బాగానే సర్ది ఉంది. అయినా అతుకులో సందులు పూడ్చే మసాలా నింపితే పోతుందని, కిందికి పోయి ఆ ట్యూబు పట్టుకు రమ్మని రోశమ్మతో చెప్పాడు. ఆమె తలుపు తీసుకుని వెళ్లింది, తలుపు దానంతటదే మూసుకుంది. అతను ప్యానల్ మళ్లీ బిగించాడు.

"ఇప్పుడు లేదు. ఏం చేసినావు మాలకొండయ్యా?" అన్నాడు కరుణాకరం మెచ్చుకోలుగా.

ఏమీ చెయ్యలేదు సార్ అనబోయి మాలకొండయ్య ఆగిపోయాడు. గది నిండా నిశ్శబ్దమే. తలుపు వైపు చూస్తూ బల్లమీదే నిలబడ్డాడు. ఆమె తిరిగి రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, అట్లా అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

రోశమ్మ రెండంతస్తులు ఎక్కి వచ్చింది. ట్యూబు చేతిలో ఉంది. నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి పీల్చాలని చూస్తోంది గానీ ఛాతీ మాట వినడం లేదు. ఆమె వెనక తలుపు మూసుకోగానే ఈల మళ్లీ వచ్చింది, ఇందాకటి కంటే గట్టిగా.

"ఇదో, మళ్లీ" అని కరుణాకరం వేలెత్తి పైకప్పు వైపు చూశాడు. మాలకొండయ్య ఒక్కడే కిందికి చూశాడు.

ఆమె అతని ముఖం చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాలకొండయ్య కరుణాకరం వైపు తిరిగాడు. "తలుపు కాడ సందుంది సార్, నేను సరిచేస్తా" అన్నాడు. ట్యూబు అందుకుంటూ రోశమ్మతో మెల్లగా, "నువ్వు పోయి మెట్ల మీద కూచో" అన్నాడు. ఆమె తల వంచుకుని వెళ్లింది. ఏ సందూ లేని అతుకుకు అతను ఆ మసాలా ఒత్తుతూ పోయాడు.

రేకుల షెడ్డు సంగతి అప్పుడు తట్టింది అతనికి. గనిలో లేచిన దుమ్ము గాలికి కొట్టుకుపోయేది. షెడ్డులో లేచింది ఎక్కడికి పోతుంది? నీడపట్టున ఉన్నదంతా ఆడవాళ్లే పీల్చారు. ఫ్యాను సంగతి తట్టింది. నడుముకున్న పాటల సంగతి తట్టింది. వేలెడు పలకలో వెంట్రుకంత నెర్రను పట్టిన చెవి, పక్క మంచం మీది మనిషి ఛాతీని మూడేళ్లుగా వినలేదు. పైగా ఆమె చేతి మిరియాల పాలు తాగుతూ తన ఊపిరి తను వింటూ కూర్చున్నాడు. అతనికి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గు ఏడుపు కంటే కష్టంగా ఉంది.

కరుణాకరం మరోసారి తలుపు మూసి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. మనిషి పొంగిపోయాడు. మాలకొండయ్య చేయి పట్టుకుని ఊపి, జిల్లాలో ఇట్లాంటి పనివాడు లేడని పొగిడి, వెంటనే ఏదో సినిమా పెట్టుకున్నాడు. మాలకొండయ్య సామాను సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చి తలుపు లాగాడు. లోపలి సినిమా అక్కడే ఆగిపోయింది.

రోశమ్మ మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చున్నాడు. మేడ మెట్ల మీద ఆ వేళ ఎవరూ లేరు. ఇద్దరి మధ్యా ఆ ఈల ఒక్కటే. ఇప్పుడు ఆమె దాచాలని చూడలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"ఫ్యాను కొన్నప్పటి నుంచి" అంది రోశమ్మ.

ఆమె వీపు మీద చెయ్యి వేద్దామని ఎత్తాడు. అలవాటుగా వేలి కణుపు ముందుకు వచ్చింది. చప్పున వేళ్లు విప్పి అరచేతిని ఆనించాడు. కింద ఎముకలు తగులుతున్నాయి. ఈ మనిషి ఎప్పుడు ఇంత చిక్కిపోయిందో కూడా తనకు తెలియదు.

చెప్పి ఉండొచ్చు కదా అని అడిగితే, పోలయ్య బావ పోయినాక నువ్వు ఆర్నెల్లు అన్నం ముట్టలేదు, మళ్లీ ఎట్ల చెప్పేదని అంది. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు ఒంగోలు పోదామన్నాడు అతను. ఆమె కాదనలేదు. ఎక్స్‌రేలో ఏం కనపడుతుందో, కనపడ్డాక డాక్టర్లు ఏం చెప్తారో ఇద్దరికీ తెలుసు. పోలయ్యను తిప్పని ఆసుపత్రి లేదు.

"ఈ పొద్దు నుంచి ఆ ఫ్యాను ఆపేద్దాం. నేను వినాల" అన్నాడు మాలకొండయ్య.

రోశమ్మ అతని చేయి పట్టుకుంది.

"ఆపొద్దయ్యా" అంది. "ఆపితే నాకూ వినపడతది."